శస్త్రచికిత్సానంతరం వృద్ధి హార్మోను: వైద్యశాస్త్ర నిర్ణయం, షరీఅత్ దృక్పథం

సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట్ పేరు వినగానే ఇటీవలి కాలంలో చాలామందికి అక్కడి పాత మెట్లబావి జ్ఞాపకం వస్తుంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి ఉన్న ఆ బావిని శుభ్రపరచి 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. కాని ఆ పేటకు సమీపంలోనే, బావి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ జనం వచ్చిపోయే చోటు మరొకటి ఉంది. అది గాంధీ ఆసుపత్రి. ఒకప్పుడు కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రిగా పిలువబడి, తర్వాత గాంధీజీ పేరు పెట్టుకొని, చాలాకాలం సికింద్రాబాదు స్టేషను దగ్గర నడిచి, ఈ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో పాత ముషీరాబాదు జైలు స్థలానికి తరలివచ్చింది. తెలంగాణ జిల్లాల నుండి ఆపరేషన్ల కోసం వచ్చే బీదసాదలకు ఇదే పెద్ద దిక్కు. రోగి లోపల మంచం మీద ఉంటే, బంధువులు బన్సీలాల్‌పేట్, భోయిగూడ, పద్మారావునగర్ వీధుల్లో టీ కొట్ల ముందు, మసీదు అరుగుల మీద, మందుల షాపుల దగ్గర రోజులు గడుపుతూ ఉంటారు.

ఇటువంటి పెద్ద ఆసుపత్రుల చుట్టూ తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఆపరేషన్ బాగా జరిగింది, గాయం కూడా మానుతున్నది, కాని మనిషి మాత్రం పది రోజుల్లో సగమైపోయాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి, లేచి నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. ‘బలానికి ఇంజెక్షన్ ఏదైనా ఉందా?’ అని ఇంటివారు అడుగుతారు. కండ పెంచే హార్మోను ఒకటి ఉన్నదని ఎవరో చెబుతారు. ఆ మాట విన్న ధర్మభీతి గల కుటుంబంలో వెంటనే మరొక సందేహం పుడుతుంది: అది శవాల తల నుండి తీస్తారట కదా, పంది నుండి తీస్తారట కదా, ముస్లిం రోగి దానిని తీసుకోవచ్చునా?

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఆ మందు దేని నుండి వచ్చింది అన్నది ఒకటి. అది రోగికి ఏమి చేస్తుంది అన్నది రెండవది. ముఫ్తీ సాహెబు వద్దకు సాధారణంగా మొదటి ప్రశ్న మాత్రమే చేరుతుంది. రెండవదానిని అడిగేవారు అరుదు. ఈ హార్మోను విషయంలో ప్రాణానికి సంబంధించినది ఆ రెండవ ప్రశ్నే.

వృద్ధి హార్మోను అంటే ఏమిటి?

మెదడు అడుగున, ఎముకలో ఏర్పడిన చిన్న గుంటలో, బఠాణీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. దానిని పీయూష గ్రంథి అంటారు. దాని బరువు సుమారు అర గ్రాము. నాళాలు లేని ఈ గ్రంథి తన రసాలను సరాసరి రక్తంలోకి వదులుతుంది. వాటిలో ఒకటి వృద్ధి హార్మోను. 191 అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చిన దండ వంటి మాంసకృత్తు ఇది. బాల్యంలో ఎముకల పొడవు దీని మీద ఆధారపడి ఉంటుంది. పెద్దయిన తర్వాత కూడా ఇది ఆగదు. రోజంతా విడతలు విడతలుగా, ముఖ్యంగా రాత్రి తొలి గాఢనిద్రలో, ఎక్కువగా విడుదలవుతుంది. కండను నిలుపుతుంది, కొవ్వును కరిగించి ఇంధనంగా అందిస్తుంది, రక్తంలో చక్కెరను పెంచుతుంది. దీని పనిలో చాలా భాగం కాలేయం ద్వారా జరుగుతుంది. హార్మోను ఆజ్ఞ అందగానే కాలేయం ఇన్సులిన్‌ను పోలిన మరొక వృద్ధి కారకాన్ని తయారుచేసి రక్తంలోకి పంపుతుంది.

ఇక శస్త్రచికిత్స జరిగినప్పుడు శరీరంలో ఏమవుతుంది? కత్తి వైద్యునిదైనా, శత్రువుదైనా, శరీరానికి గాయం గాయమే. 1930 ప్రాంతంలో గ్లాస్గోలో కత్బర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కాలి ఎముక విరిగినవారి మూత్రాన్ని రోజూ పరీక్షించి చూశాడు. విరిగిన చోట ఉన్న కణజాలం అంతా కరిగినా రానంత నత్రజని ఆ మూత్రంలో కనిపించింది. అనగా ఒక కాలికి దెబ్బ తగిలితే ఒళ్లంతటిలోని కండ కరుగుతున్నదన్నమాట. ఒక గ్రాము నత్రజని పోయిందంటే ఆరుంబావు గ్రాముల మాంసకృత్తు, తడి కండ లెక్కన సుమారు 30 గ్రాములు పోయినట్లు. రోజుకు 10 గ్రాముల నత్రజని నికరంగా నష్టమయ్యే రోగి రోజూ 300 గ్రాముల కండ కోల్పోతున్నాడు. వారం రోజుల్లో అది రెండు కిలోలు దాటుతుంది. ‘మనిషి సగమైపోయాడు’ అని ఇంటివారు అనే మాటలో అతిశయోక్తి ఉన్నా అబద్ధం లేదు.

ఈ సమయంలో ఒక విచిత్రం జరుగుతుంది. గాయపడిన వెంటనే రక్తంలో వృద్ధి హార్మోను తగ్గదు, పెరుగుతుంది. కాని కాలేయం దాని మాట వినదు. కాలేయం నుండి రావలసిన రెండవ కారకం పడిపోతుంది. ఇన్సులిన్ కూడా తన పని సరిగా చేయలేకపోతుంది. అందువల్ల చక్కెర వ్యాధి లేనివారికి సైతం ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు. శాస్త్రజ్ఞులు ఇలా ఆలోచించారు: శరీరం ఆజ్ఞ వినడం లేదు కాబట్టి, ఆ ఆజ్ఞను బయటి నుండి ఇంకా గట్టిగా ఇస్తే వింటుందేమో. హార్మోనును పెద్ద మోతాదులో ఎక్కిస్తే కండ నిలుస్తుందేమో.

శవాల నుండి సూక్ష్మజీవుల వరకు

మందు పుట్టుక గురించి ప్రజల్లో ఉన్న భయం వట్టి పుకారు కాదు. దానికి నిజమైన చరిత్ర ఉంది. 1944లో అమెరికాలో లీ, ఈవాన్స్ అనే ఇద్దరు పశువుల పీయూష గ్రంథి నుండి ఈ హార్మోనును వేరుచేశారు. ఎలుకలు దానితో చక్కగా పెరిగాయి, మనుషుల మీద మాత్రం అది పనిచేయలేదు. ఇన్సులిన్ అయితే పశువుదైనా, పందిదైనా మనిషికి పనికివస్తుంది. ఇది అలా కాదు.

ఇక్కడ ఇబ్నె సీనా మాట గుర్తుకు వస్తుంది. 1037లో మరణించిన ఆ మహావైద్యుడు తన ‘అల్ ఖానూన్’ రెండవ గ్రంథంలో మందులను పరీక్షించే షరతులు చెబుతూ, పరీక్ష మనిషి శరీరం మీదనే జరగాలనీ, సింహానికీ గుర్రానికీ ఒక విధంగా పనిచేసినది మనిషికి వేరొక విధంగా పనిచేయవచ్చుననీ హెచ్చరించాడు. పశువుల హార్మోను కథ ఆ షరతుకు తొమ్మిది శతాబ్దాల తర్వాత దొరికిన ఉదాహరణ.

పశువుది పనికిరాదు కాబట్టి మనిషిదే కావలసివచ్చింది. 1958లో అమెరికా వైద్యుడు రేబెన్, శవపరీక్షలలో సేకరించిన గ్రంథుల నుండి తీసిన హార్మోనుతో ఒక మరుగుజ్జు కుర్రవాడి ఎదుగుదలను సాధించినట్లు ప్రకటించాడు. ఆ తర్వాత అనేక దేశాలు శవాల నుండి ఈ గ్రంథులను వేల సంఖ్యలో పోగుచేశాయి. ఒక్క అమెరికాలోనే 1963 మొదలు 1985 వరకు ప్రభుత్వ కార్యక్రమం ద్వారా సుమారు 7,700 మందికి ఈ మందు అందింది. కొన్నిచోట్ల చనిపోయినవారి బంధువులకు చెప్పకుండానే గ్రంథులు తీశారని తర్వాత తేలింది. ఆస్ట్రేలియాలో 1994 నాటి విచారణ నివేదిక ఈ విషయాన్ని బయటపెట్టింది. మృతుని శరీరానికి గల గౌరవాన్ని జీవించి ఉన్నవాని గౌరవంతో సమానంగా చూసే ముస్లిములకు ఈ ఒక్క సంగతే చాలు, ఆ పద్ధతిని అభ్యంతరకరంగా భావించడానికి.

అయితే అంతకంటే ఘోరం ముందున్నది. 1985లో, బాల్యంలో ఈ మందు తీసుకున్న కొందరు యువకులు మెదడు కుళ్లి చనిపోయారు. క్రూట్స్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధి సాధారణంగా వయసు మళ్లినవారికి, అదీ పది లక్షల్లో ఒకరిద్దరికి వచ్చేది. శవాలలో ఎక్కడో ఒకదానిలో ఉన్న ఆ వ్యాధి బీజం కలిపి తీసిన మందులోకి చేరి, పదేళ్లు, ఇరవై ఏళ్లు దాగి ఉండి పైకి వచ్చింది. ఫ్రాన్సులో దీనివల్ల చనిపోయినవారు వందకు పైగా ఉన్నారు. 1985 ఏప్రిల్‌లో అమెరికాలో శవాల మందును ఆపివేశారు. అదే ఏడాది అక్టోబరులో సూక్ష్మజీవుల ద్వారా తయారైన హార్మోనుకు అక్కడ అనుమతి లభించింది.

ఈనాడు దొరికే వృద్ధి హార్మోను ఇదే. మనిషిలో ఆ హార్మోనును తయారుచేయించే జన్యువు యొక్క ప్రతిని ప్రయోగశాలలో నిర్మించి, ఎక్కువగా ఇ. కోలై అనే సూక్ష్మజీవిలో ప్రవేశపెడతారు. అది పెద్ద పాత్రలలో పెరుగుతూ హార్మోనును తయారుచేస్తుంది, దానిని శుద్ధిచేసి సీసాలకు ఎక్కిస్తారు. ఈ విధానం హైదరాబాదుకు కొత్తది కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన కామెర్ల టీకా, అనగా హెపటైటిస్ బి టీకా, ఇటువంటి జన్యు విధానంతోనే ఒక రకం ఈస్టులో తయారైనది. భారతదేశంలో ఆ పద్ధతిలో తయారైన తొలి టీకా అదే. మన పిల్లల చేతులకు వేయించిన టీకాను గురించి ఎవరూ శవాల మాట ఎత్తలేదు.

కావున మూలానికి సంబంధించిన ప్రశ్నకు జవాబు క్లుప్తమైనదే. ఈనాటి మందులో శవం లేదు, పంది లేదు. అసలు మూలం అపవిత్రమైనదే అయినా, వస్తువు పూర్తిగా మరొక వస్తువుగా మారిపోతే తీర్పు మారుతుందన్న ఇస్తిహాలా సూత్రం ఫుఖహాలలో ప్రసిద్ధమైనదే. సారాయి తనంతట తానుగా వినెగరుగా మారితే హలాల్ అవుతుందనడంలో భేదాభిప్రాయం లేదు. 1995లో కువైట్‌లో జరిగిన వైద్య ఫిఖహ్ సదస్సు ఈ సూత్రాన్ని మందులకు అన్వయించి చర్చించింది, అవసరాన్ని బట్టి పంది ఇన్సులిన్ వాడకాన్ని కూడా అనుమతించింది. ఆపరేషన్ వార్డులో మూలాన్ని గురించి నిజంగా అడగదగిన మందు వేరొకటి ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అత్యధికంగా పంది పేగుల పొర నుండే వస్తుంది. గత్యంతరం లేనివానికి, హద్దు మీరని షరతుపై, ఖుర్ఆన్ (అల్ బఖరా 173) ఇచ్చిన సడలింపు అక్కడ వర్తిస్తుంది. కృత్రిమంగా తయారైన ఫాండాపారినక్స్ వంటి ప్రత్యామ్నాయం తమ రోగికి సరిపోతుందా అని వైద్యుణ్ణి అడగడంలోనూ తప్పు లేదు. సరిపోదంటే హెపారిన్ మానిపించడం మాత్రం ధర్మభీతి కాదు, ప్రాణంతో చెలగాటం.

ఆశ, పరీక్ష, మరణాలు

సూక్ష్మజీవుల హార్మోను పుష్కలంగా దొరకడంతో శస్త్రవైద్యులలో ఉత్సాహం పెరిగింది. 1989లో పెకింగ్ వైద్యులు అమెరికా వైద్యుడు విల్మోర్‌తో కలిసి చేసిన చిన్న పరీక్షలో 18 మంది రోగులు పాల్గొన్నారు. కడుపు ఆపరేషన్ అయిన వీరిలో హార్మోను తీసుకున్నవారు తక్కువ బరువు కోల్పోయారు, వారి చేతి పట్టు తగ్గలేదు. 1990లో అమెరికాలోని గాల్వెస్టన్‌లో హెర్న్‌డన్ బృందం తీవ్రంగా కాలిన పిల్లలకు ఈ మందు ఇచ్చింది. కాలిన చోట అతికించడానికి చర్మం తీసిన భాగాలు త్వరగా మానాయి. ఇంత జరిగిన తర్వాత, తీవ్ర చికిత్సా విభాగంలో ప్రాణాపాయంలో ఉన్నవారికి ఇది మరింత మేలు చేస్తుందని వైద్యులు ఆశపడటం సహజమే.

ఆశను ఆశగానే వదలక పరీక్షకు పెట్టారు. అది మెచ్చుకోదగిన పని. ఫిన్లండులో 247 మంది, ఇతర ఐరోపా దేశాల్లో 285 మంది, మొత్తం 532 మంది రోగులు. గుండె ఆపరేషన్, కడుపు ఆపరేషన్, పెద్ద ప్రమాదాలు, శ్వాస వైఫల్యం వల్ల రోజుల తరబడి తీవ్ర చికిత్సలో ఉన్నవారు వీరు. కొందరికి హార్మోను, కొందరికి మందు లేని ఇంజెక్షన్. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. టకాలా నాయకత్వంలో జరిగిన ఈ పరీక్షల ఫలితాలు 1999 సెప్టెంబరులో వెలువడ్డాయి. ఫిన్లండులో మందు లేని ఇంజెక్షన్ పొందినవారిలో నూటికి 20 మంది చనిపోగా, హార్మోను పొందినవారిలో 39 మంది చనిపోయారు. ఇతర దేశాల్లో నూటికి 18కి బదులు 44 మంది. బతికి బయటపడినవారిలో కూడా హార్మోను తీసుకున్నవారే ఎక్కువ రోజులు కృత్రిమ శ్వాస మీద ఉన్నారు, ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

కండ నిలిపే మందు మనిషిని నిలపలేకపోయింది. చాలా మరణాలకు కారణం అవయవాలు ఒకదాని తర్వాత ఒకటి విఫలం కావడం, అదుపులోకి రాని చీము వ్యాధులు. ఎందుకిలా జరిగింది? దీనికి పలు వివరణలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆలోచింపజేసేది. గాయపడిన శరీరం కండను కరిగించుకోవడం వట్టి నష్టం కాదు. ఆ కండ నుండి వెలువడే గ్లుటమైన్ వంటి పదార్థాలే రోగనిరోధక కణాలకూ, పేగు పొరకూ ఆహారం. కరువు రోజున గృహస్థు కొట్టు తెరిచి ధాన్యం తీసినట్లు, శరీరం తన కండ కొట్టు తెరుస్తుంది. హార్మోను ఆ కొట్టుకు తాళం వేసింది. లోపల ధాన్యం భద్రంగానే ఉంది, ఇంటివారు ఆకలితో ఉన్నారు. దీనికి తోడు ఆ హార్మోను చక్కెరను పెంచుతుంది, పెరిగిన చక్కెర క్రిములకు అనుకూలం. ఈ కారణాలలో దేని పాలు ఎంత అన్నది పూర్తిగా తేలలేదు. మరణాల సంఖ్య మాత్రం తేలిపోయింది. అప్పటి నుండి వృద్ధి హార్మోను మందు వెంట వచ్చే సూచనల కాగితంలోనే, గుండె లేక కడుపు ఆపరేషన్ వల్ల, పెద్ద ప్రమాదాల వల్ల, శ్వాస వైఫల్యం వల్ల ప్రాణాపాయ స్థితిలో ఉన్నవారికి దీనిని ఇవ్వరాదని ముద్రిస్తున్నారు.

ఇలా పోల్చి చూసే పద్ధతి పరాయిది అనుకోనవసరం లేదు. 925లో మరణించిన అబూ బక్ర్ అల్ రాజీ తన ‘అల్ హావీ’లో, సిర్సామ్ అనే మెదడు వాపు వ్యాధిలో కొందరికి రక్తం తీయించి, మరికొందరిని బుద్ధిపూర్వకంగా అలాగే ఉంచి, ఫలితాలను పోల్చినట్లు రాసుకున్నాడు. అతని నిర్ధారణ సరైనదా కాదా అన్నది వేరే సంగతి. పోల్చకుండా నమ్మరాదన్న బుద్ధి ముఖ్యం.

పరీక్ష జరిగినంత మాత్రాన సత్యం పూర్తిగా దొరుకుతుందనీ కాదు. దీనికి హైదరాబాదు చరిత్రలోనే పెద్ద నిదర్శనం ఉంది. 1846లో ఉర్దూ మాధ్యమంలో ప్రారంభమైన హైదరాబాదు వైద్య పాఠశాలకు తర్వాతి కాలంలో అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఆపరేషన్లకు మత్తుగా ఇచ్చే క్లోరోఫాం గుండెకు హాని చేయదని, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలని గట్టిగా నమ్మాడు. 1888లో ఒక సంఘం, 1889లో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో, లండన్ నుండి వచ్చిన లాడర్ బ్రంటన్ పాల్గొన్న రెండవ సంఘం జంతువుల మీద వందల ప్రయోగాలు జరిపాయి. రెండూ లారీ అభిప్రాయాన్నే బలపరిచాయి. అప్పటికి ప్రపంచమంతా హైదరాబాదు పేరు మారుమోగింది. 1911లో లెవీ అనే వైద్యుడు, క్లోరోఫాం మోతాదు తక్కువగా ఉన్నప్పుడే గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోవచ్చునని నిరూపించాడు. జంతువుల మీద ఎన్ని వందల ప్రయోగాలు చేసినా, మంచం మీది మనిషి మరణాన్ని లెక్కపెట్టకపోతే చాలదు. ఇబ్నె సీనా షరతు ఇక్కడ కూడా నిజమైంది.

మరి ఈ హార్మోనుకు ఎక్కడా స్థానం లేదా? ఉంది. పీయూష గ్రంథి పనిచేయని పిల్లలకు ఇది వరం వంటిది. ఆ గ్రంథిలో కణితికి ఆపరేషన్ అయి హార్మోను లోపించిన పెద్దలకు కూడా నిపుణుని పర్యవేక్షణలో ఇస్తారు. అటువంటివారు ఈ వ్యాసం చదివి తమంతట తాము మందు ఆపరాదు. పేగు చాలాభాగం తీసివేయబడినవారికి కొద్ది వారాలు ఇవ్వడానికి 2003లో అమెరికా అనుమతించింది. ఒళ్లు నూటికి నలభై పాళ్లకు మించి కాలినవారిలో, చర్మం తీసిన చోటు సగటున మూడు రోజులు ముందుగా మానుతుందని పరీక్షలన్నిటినీ కలిపి చూసినవారు తేల్చారు. కాని చక్కెర పెరిగే ప్రమాదం కూడా ఉన్నదనీ, ప్రాణాలు ఎక్కువగా నిలిచినట్లు రుజువు లేదనీ వారే చెప్పారు. మామూలు ఆపరేషన్ తర్వాత ‘బలానికి’ ఇవ్వడం వీటిలో ఏ కోవకూ చెందదు.

పేర్ల వల్ల వచ్చే తికమక కూడా ఒకటి ఉంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ ‘రీజెన్ డి’ అనే లేపనాన్ని తయారుచేస్తుంది. చక్కెర వ్యాధివల్ల కాలికి పడే పుండ్ల మీద, కాలిన గాయాల మీద పూయడానికి ఉద్దేశించినది అది. అందులో ఉన్నది చర్మకణాల వృద్ధి కారకం. వృద్ధి హార్మోను వేరు, అది వేరు. ఒకటి పుండు మీద పూసేది, రెండవది రక్తంలో ఒళ్లంతా తిరిగేది. పై హెచ్చరికలు ఆ లేపనానికి సంబంధించినవి కావు.

ఫుఖహాల మూడు తరగతులు

ఇప్పుడు షరీఅత్ వైపు చూద్దాం. ఔరంగజేబ్ కాలంలో సంకలనమైన ‘ఫతావా ఆలంగీరీ’లో, హానిని తొలగించే సాధనాలను మూడు తరగతులుగా విభజించారు. మొదటిది మఖ్‌తూఅ్, అనగా నిశ్చయమైనది. దాహానికి నీరు, ఆకలికి రొట్టె ఇటువంటివి. రెండవది మజ్‌నూన్, అనగా ఫలిస్తుందని బలమైన అంచనా గలది. రక్తం తీయించడం, విరేచనం, సాధారణ వైద్యం దీని కిందికి వస్తాయి. మూడవది మౌహూమ్, అనగా ఊహామాత్రమైనది. నిశ్చయమైనదానిని వదిలివేయడం తవక్కుల్ కాదు. ప్రాణభయం ఉన్నప్పుడు అలా వదలడం హరామ్. రెండవదానిని చేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, చేయకపోవడం పాపం కాదు. మూడవదానిని వదలడమే తవక్కుల్‌కు తగినది.

మూడున్నర శతాబ్దాల నాటి ఈ విభజనను బన్సీలాల్‌పేట్ వీధిలో నిలబడిన ఇంటివారికి అన్వయించి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆపరేషన్ అయిన రోగికి ఇచ్చే తిండి మొదటి తరగతికి చెందినది. దానిని పత్యం పేరుతో మానిపిస్తున్నారు. బలానికని అడిగే హార్మోను మూడవ తరగతికి కూడా చెందదు, ప్రాణాపాయంలో ఉన్నవాని విషయంలో అది రుజువైన హాని. దానికోసం చెవికమ్మలు తాకట్టు పెట్టడానికి సిద్ధపడుతున్నారు. ఉస్మానియా ప్రభుత్వపు ‘మజల్లా’లో, మేలు పొందడం కంటే కీడును తొలగించడానికే ప్రాధాన్యమివ్వాలన్న అర్థం గల సూత్రం 30వ అధికరణంగా చేరింది. ఈ మందు విషయంలో ఎటు మొగ్గాలో చెప్పడానికి ఆ ఒక్క సూత్రం చాలు.

వైద్యుని బాధ్యత కూడా ఇందులో ఉంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు అందుకు జామిన్, అనగా నష్టానికి బాధ్యుడు అవుతాడని దైవప్రవక్త (స) చెప్పినట్లు అబూ దావూద్ సంకలనంలో ఉంది. 1999 తర్వాత ఈ హార్మోను గురించి తెలియకపోవడం అర్హతగల వైద్యునికి సాకు కాజాలదు. మందుల షాపు కుర్రవాడు ఇచ్చే సలహా సంగతి వేరే చెప్పనక్కరలేదు. ‘డాక్టరుగారూ, ఈ ఇంజెక్షన్ ఏ వ్యాధికి రాస్తున్నారు? మావాడికి ఆ హార్మోను లోపం ఉన్నట్లు పరీక్షలో తేలిందా?’ అని మర్యాదగా అడగడం బంధువుల హక్కు.

పత్యం, యఖ్నీ, తల్బీనా

తెలుగునాట పత్యం ఆచారం లోతుగా పాతుకొని ఉంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే కుట్లు మానవని, పెరుగు తింటే జలుబు చేసి దగ్గుకు కుట్లు తెగుతాయని ఇళ్లలో పెద్దవాళ్లు చెబుతారు. ముస్లిం ఇళ్లలో దీనినే పర్హేజ్ అంటారు. రోగికి మిగిలేది చారు అన్నం, బ్రెడ్డు ముక్క, టీ. కండ కరిగిపోతున్న రోజుల్లో కండను నిలిపే పదార్థాలన్నిటినీ ఏరి ఏరి తీసివేయడం కంటే విపరీతం మరొకటి లేదు. చీము పట్టించేది క్రిములు, పప్పు కాదు.

దీనిని సమర్థించడానికి కొందరు ఒక హదీసును చెబుతారు. రోగులను తినమని, తాగమని బలవంతపెట్టరాదని తిర్మిజీ, ఇబ్నె మాజాలలో ఉన్నది నిజమే. అందులో వారించినది బలవంతాన్ని. తినగలిగి, తినాలని కోరే రోగి ముందు నుండి గుడ్డు తీసివేయమని అందులో లేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) రోగులకు తల్బీనా, అనగా బార్లీ పిండితో కాచిన జావ, ఇవ్వమనేవారని, అది రోగి మనసుకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని తెలిపేవారని బుఖారీలో ఉంది. ఆకలి లేని తొలి రోజుల్లో పాలతో పలుచగా కాచిన జావ ఎంత అనుకూలమైనదో నేటి ఆహార నిపుణులకూ తెలుసు.

శస్త్రవైద్యంలో గత పాతికేళ్లకు పైగా వచ్చిన నిజమైన మార్పు కూడా ఏ సీసాలోనిదీ కాదు. 1990లలో డెన్మార్క్ వైద్యుడు కేలెట్ మొదలుపెట్టిన పద్ధతిలో, ఆపరేషన్‌కు ముందు రాత్రంతా కడుపు మాడ్చకుండా రెండు గంటల ముందు వరకు నీరు వంటి ద్రవాలు ఇస్తారు. నొప్పిని బాగా తగ్గించి, వీలైతే మరునాడే లేపి నడిపిస్తారు, త్వరగా నోటి ద్వారా ఆహారం మొదలుపెడతారు. పడుకొని ఉన్న కండకు ఎంత తిండి పెట్టినా నిలవదు. నడిస్తేనే తిండి కండకు చేరుతుంది. గాఢనిద్రలో శరీరం తన వృద్ధి హార్మోనును తానే విడుదల చేసుకుంటుంది కనుక, అర్ధరాత్రి దాకా మంచం చుట్టూ కూర్చొని మాట్లాడే పరామర్శకులు ఆ మేరకు రోగి హక్కును హరిస్తున్నవారే. ఇయాదత్ పుణ్యకార్యం. అది క్లుప్తంగా ఉండటం దాని మర్యాద.

లెక్క తెలిస్తే వంటిల్లు సులువు. కోలుకుంటున్న రోగికి శరీర బరువులో కిలోకు రోజుకు ఒకటింబావు నుండి ఒకటిన్నర గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి 75 నుండి 90 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, కప్పు వండిన పప్పులో సుమారు ఏడు గ్రాములు, వంద గ్రాముల వండిన కోడిమాంసంలో పాతిక గ్రాములకు పైగా ఉంటాయి. ఇంటివారు ప్రేమతో పొద్దున్నే యఖ్నీ కాచి తెస్తారు. పలుచని ఆ రసంలో రుచి, ఉప్పు, వేడి ఉంటాయి. మాంసకృత్తు చాలావరకు ముక్కలోనే ఉండిపోతుంది. ముక్కను ఇంట్లో ఉంచి రసాన్ని ఆసుపత్రికి తేవడం కాక, మెత్తగా ఉడికిన ముక్కను నలిపి రసంలో కలిపి తేవాలి. మాంసం కొనలేనివారికి పప్పు, గుడ్డు, పెరుగు చాలు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, పేగు ఆపరేషన్ అయి ఇంకా నోటి ఆహారం అనుమతించనివారికి ఈ లెక్క వర్తించదు. వారికి ఎంత, ఎప్పుడు అన్నది చికిత్స చేస్తున్న వైద్యుడే చెప్పాలి. రమజాన్ మాసం వస్తే, కుట్లు మానని రోగికి ఉపవాసం నుండి మినహాయింపు ఖుర్ఆన్ (అల్ బఖరా 184, 185) స్వయంగా ఇచ్చింది. కోలుకున్న తర్వాత ఆ రోజులను ఖజా చేసుకోవచ్చు.